అద్దె ఇళ్ళపై పెట్టుబడి (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల)

అద్దె ఇళ్ళపై పెట్టుబడి అనగా తాము నివసించుటకు గాక, నెలనెలా అద్దె పొందే ఉద్దేశంతో ఇల్లు, దుకాణపు గది, షెడ్డు వంటి కట్టడాన్ని కొనడం లేదా కట్టడం. అద్దెను తెలంగాణ వ్యవహారంలో కిరాయి అనీ, దుకాణపు గదిని మడిగె అనీ అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఈ పెట్టుబడికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడి కిరాయి ఇళ్ళలో చాలా భాగం గల్ఫ్ దేశాలలో పనిచేసినవారు దాచుకున్న సొమ్ముతో కట్టినవి. సిరిసిల్లలో వీటికి తోడు మరమగ్గాల షెడ్లు కూడా కిరాయికి నడుస్తాయి. ఈ వ్యాసం మొదటిసారి ఇటువంటి పెట్టుబడి పెట్టదలచినవారు తెలుసుకోవలసిన లెక్కలను, దస్తావేజులను, చట్టాలను, స్థానిక పరిస్థితులను వివరిస్తుంది.

నేపథ్యం

ఈ మూడు పట్టణాలూ పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. సిరిసిల్ల కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు రాజన్న సిరిసిల్ల జిల్లా అని పేరు. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పురపాలక పట్టణం. ఇది జగిత్యాలకు పశ్చిమాన, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా నిజామాబాదు వెళ్ళే 63వ జాతీయ రహదారిపై ఉన్నది. సిరిసిల్ల మానేరు ఒడ్డున, కరీంనగర్ నుండి కామారెడ్డి వెళ్ళే దారిలో ఉన్నది.

వర్షాధార వ్యవసాయం, బీడీలు చుట్టడం, నేత పని తప్ప వేరే జీవనాధారం లేని ఈ ప్రాంతం నుండి 1970ల తరువాత దుబాయి, సౌదీ అరేబియా, కువైట్, ఒమన్, ఖతార్, బహ్రెయిన్‌లకు వలసలు పెరిగాయి. అంతకు ముందు నుండే నేత కార్మికులు భివండి, షోలాపూర్, సూరత్ వెళ్ళేవారు. గల్ఫ్ నుండి వచ్చిన డబ్బు మొదట అప్పులు తీర్చడానికి, తరువాత ఆడపిల్లల పెళ్ళిళ్ళకు, ఆ పైన ఇంటికి ఖర్చయ్యేది. ఊరిలో ఇల్లు కట్టుకున్నాక మిగిలిన దానితో పట్టణంలో ప్లాటు కొని, పిల్లల చదువు కోసం అక్కడ ఒక పోర్షన్‌లో తాము ఉంటూ మిగతా పోర్షన్లు కిరాయికి ఇవ్వడం మామూలైంది. అందుచేత ఇక్కడ ఈ పని చేసేవారిలో ఎక్కువమంది తమను తాము పెట్టుబడిదారులుగా భావించరు. ఇల్లు గౌరవానికీ, పొదుపుకూ, తిరిగి వచ్చిన తరువాతి బతుకుకూ ఆధారమని భావిస్తారు. భావన మంచిదే. అయితే ఆ భావన వల్లనే కిరాయి లెక్కను ముందుగా వేసుకోకపోవడం కూడా జరుగుతున్నది.

దేశం మొత్తం మీద 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ కుటుంబాలలో 27.5 శాతం అద్దె ఇళ్ళలో ఉండేవి. అదే సమయంలో పట్టణాలలో సుమారు 1.11 కోట్ల ఇళ్ళు ఖాళీగా ఉన్నట్లు తేలింది. ఇంటికి గిరాకీ ఉండటం వేరు, కట్టిన ప్రతి ఇంటికీ కిరాయిదారు దొరకడం వేరు అని ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

గిరాకీ ఎక్కడి నుండి వస్తుంది

జగిత్యాలలో కిరాయిదారులు ప్రధానంగా ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, ఆసుపత్రుల సిబ్బంది, వ్యాపారులు, చుట్టుపక్కల పల్లెల నుండి పిల్లల చదువుకై వచ్చిన కుటుంబాలు, విద్యార్థులు. పట్టణం పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధనా స్థానం ఉన్నాయి. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల 2007లో ఏర్పడింది. 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది.

కోరుట్ల వాణిజ్య కేంద్రం. పసుపు పండించే పల్లెల నడుమ ఉండటం వల్ల ఇక్కడ మడిగెలకు గిరాకీ ఎక్కువ. పశువైద్య కళాశాల వలన కొంతమంది సిబ్బంది, విద్యార్థులు ఉంటారు. జిల్లా కేంద్రం కాకపోవడం చేత బదిలీపై వచ్చే ఉద్యోగుల సంఖ్య జగిత్యాలతో పోలిస్తే తక్కువ. జగిత్యాల, కోరుట్ల రెండూ 2017లో పూర్తయిన పెద్దపల్లి - నిజామాబాదు రైలు మార్గంపై ఉన్నాయి.

సిరిసిల్ల పరిస్థితి వేరు. ఇక్కడి కిరాయిదారులలో మరమగ్గాల కార్మికులు, వైపని, వార్పింగ్ పనివారు, బీడీ కార్మికులు, ఇతర రాష్ట్రాల నుండి పనికి వచ్చినవారు ఎక్కువ. వీరి కిరాయి చెల్లింపు మగ్గం ఆడటంపై ఆధారపడి ఉంటుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు కొన్నేళ్ళపాటు పనిని నిలబెట్టాయి. 2024లో ఆ ఆర్డరు లేకపోవడంతో పని తగ్గింది. 2025లో ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు వచ్చింది. ఈ మూడు దశలలో ఏ ఒక్క ఏడాదిని చూసినా సిరిసిల్ల కిరాయిల గురించి తప్పుడు అంచనాకే వస్తాం. కొత్తగా వచ్చిన గిరాకీలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాల (2021), ప్రభుత్వ వైద్య కళాశాల (2023), పెద్దూరు వద్ద దుస్తుల తయారీ పార్కు చెప్పుకోదగినవి.

ఒకే యజమానిని నమ్ముకొన్న గిరాకీ ఎంత త్వరగా పోతుందో ఈ ప్రాంతంలోనే ఉదాహరణలు ఉన్నాయి. మెట్‌పల్లి సమీపంలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని కిరాయి భవనాలలో మొదలయ్యాయి. సిరిసిల్లలో 2021 జూలైలో, జగిత్యాలలో 2022 డిసెంబరులో సమీకృత కలెక్టరేట్ భవనాలు ప్రారంభమయ్యాయి. ప్రభుత్వ కార్యాలయం శాశ్వత కిరాయిదారు అనుకొని అప్పు చేసి అంతస్తు వేయడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి ఊహించవచ్చు.

కిరాయి లెక్క

కొత్తవారు సాధారణంగా చేసే లెక్క "నెలకు ఇంత వస్తుంది" అన్నంతవరకే ఉంటుంది. పెట్టిన సొమ్ముపై ఏడాదికి నూటికి ఎంత మిగులుతుంది అన్నది అసలు లెక్క. కింది అంకెలు కేవలం ఉదాహరణ కొరకు తీసుకున్నవి, ఏ పట్టణపు సగటు ధరలూ కావు.

రెండు పోర్షన్ల ఇల్లు 40 లక్షల రూపాయలకు కొన్నారనుకుందాం. తెలంగాణలో పురపాలక ప్రాంతాలలో విక్రయ దస్తావేజుపై స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 2021 జూలై 22 నుండి 7.5 శాతం అయ్యాయి. అంతకు ముందు 6 శాతం ఉండేవి. పూర్తి ధరపై లెక్కిస్తే ఇది 3 లక్షలు. కనుక పెట్టుబడి 43 లక్షలు. ఒక్కో పోర్షన్‌కు 6,000 చొప్పున నెలకు 12,000, ఏడాదికి 1,44,000 రూపాయలు. ఇందులో ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉందని 12,000 తీసివేయాలి. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు రిపేరు, నల్లాల లీకేజి, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం వంటి వాటికి 22,000 అనుకుంటే మిగిలేది 1,10,000. ఇది పెట్టుబడిపై సుమారు 2.6 శాతం మాత్రమే.

ఇదే ఇంటికి 20 లక్షలు బ్యాంకు అప్పు తెచ్చారనుకుంటే, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ కాలానికి నెల వాయిదా సుమారు 17,350 రూపాయలు అవుతుంది. కిరాయి 12,000. పోర్షన్లు రెండూ నిండి ఉన్న నెలలో కూడా 5,350 చేతి నుండి వేసుకోవాలి. గల్ఫ్‌లో పని ఉన్నంతకాలం ఇది భారమనిపించదు. 2008 చివర దుబాయిలో నిర్మాణాలు ఆగినపుడు, 2013లో సౌదీ అరేబియా నితాఖత్ నిబంధనలను గట్టిగా అమలు చేసినపుడు, 2020లో కోవిడ్ వచ్చినపుడు వేలాదిమంది కార్మికులు ఉన్నపళంగా తిరిగి రావలసి వచ్చింది. జీతం ఆగిందని బ్యాంకు వాయిదా ఆగదు.

ఇక బయటి అప్పు సంగతి. ఈ ప్రాంతంలో వడ్డీని మిత్తి అంటారు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24 శాతం. రూపాయి మిత్తి అయినా ఏడాదికి 12 శాతం. మూడు శాతం మిగిల్చే ఇంటి కోసం పన్నెండు శాతం మిత్తికి తెచ్చినవారు నష్టపోతున్న సంగతి నెలవారీ అంకెలలో కనిపించదు. "ఇంత మిత్తి, ఇంత కిరాయి" అని రెండూ నెల లెక్కలోనే చెప్పుకోవడం దీనికి ఒక కారణం.

మరి ఇంతమంది ఎందుకు కొంటున్నారు? స్థలం ధర పెరుగుతుందన్న నమ్మకంతో. గత రెండు దశాబ్దాలలో చాలా చోట్ల ఆ నమ్మకం నిజమైంది కూడా. కాని అది కిరాయిపై పెట్టుబడి కాదు, స్థలంపై పెట్టుబడి. ధర పెరుగుదల అమ్మిన రోజున మాత్రమే చేతికి వస్తుంది. నెల ఖర్చులకు, అప్పు వాయిదాకు పనికిరాదు. ఈ రెండింటినీ ఒకే లెక్కలో కలపకపోవడం మంచిది.

ఉన్న ఇంటిపై అంతస్తు

మొదటిసారి చేసేవారికి ఈ పట్టణాలలో ఎక్కువగా కలిసివచ్చే మార్గం కొత్త ఇల్లు కొనడం కాదు, తాము ఉంటున్న ఇంటిపైనో పక్కనో ఒక పోర్షన్ వేసుకోవడం. స్థలం ధర, బదిలీ సుంకం, హక్కుల విచారణ ఇందులో ఉండవు. పై ఉదాహరణలోని 6,000 కిరాయి పోర్షన్‌ను 12 లక్షలతో వేయగలిగితే ఏడాది కిరాయి 72,000, అనగా ఖర్చులకు ముందు 6 శాతం. కిరాయిదారు తెలిసినవాడై, కళ్ళముందే ఉంటాడు. ఖాళీగా ఉన్నా వాయిదా భయం తక్కువ.

దీనికి మూడు షరతులు ఉన్నాయి. మొదటిది, పునాది, పిల్లర్లు పై అంతస్తును మోయగలవా అన్నది. రేకుల ఇంటికి లేదా ఒక్క స్లాబుకు వేసిన పునాదిపై మేస్త్రీ మాట మీద రెండో స్లాబు వేయరాదు, ఇంజనీరుకు చూపించాలి. రెండవది, పురపాలక సంఘం అనుమతి. 2020లో వచ్చిన తెలంగాణ భవన అనుమతుల చట్టం (టీఎస్ బీపాస్) ప్రకారం 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు నివాస భవనానికి స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి లభిస్తుంది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు చేసుకుంటే చాలు. స్వీయ ధ్రువీకరణ అంటే తనిఖీ లేదని కాదు. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారం ఆ చట్టంలో ఉన్నది. మూడవది, పై పోర్షన్‌కు వేరే మెట్లు, వేరే కరెంటు మీటరు.

మీటరు సంగతి చిన్నదిగా కనిపించినా కిరాయిపై దాని ప్రభావం ఉన్నది. 2024 మార్చి నుండి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకంలో తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. కిరాయికి ఉండేవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఒకే మీటరుపై రెండు కుటుంబాలు ఉంటే వాడకం సులభంగా 200 దాటుతుంది, ఇద్దరికీ లాభం పోతుంది. జగిత్యాల, కోరుట్లలో విద్యుత్తు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నుండి వస్తుంది. సిరిసిల్లలో మాత్రం సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) సరఫరా చేస్తుంది. మీటరు దరఖాస్తు అక్కడే ఇవ్వాలి.

హక్కు పత్రాల పరిశీలన

ఇల్లు లేదా ప్లాటు కొనేటప్పుడు జరిగే నష్టాలలో పెద్దవి ధర వల్ల కాక హక్కు లోపం వల్ల కలుగుతాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఋణభార ధ్రువపత్రం (వ్యవహారంలో ఇ.సి.) తీసుకొని, కనీసం ముప్పై ఏళ్ళ లావాదేవీలను లింకు దస్తావేజులతో సరిచూడాలి. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. తెల్లకాగితంపై రాసుకున్న అమ్మకం, పాలివాళ్ళ మధ్య నోటిమాట పంపకం, బయానా ఇచ్చి ఆగిపోయిన మరో బేరం అందులో ఉండవు. వాటికి ఇరుగుపొరుగును అడగడమే దారి.

కుటుంబ ఆస్తి అయినచో ఆడపిల్లల సంతకాలు తప్పనిసరిగా చూడవలసినవి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే చట్ట సవరణ చేసింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతటికీ దానిని విస్తరించింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు పుట్టుకతో వచ్చేదని స్పష్టం చేసింది. "ఆడబిడ్డలకు కట్నం ఇచ్చాం, వాళ్ళు అడగరు" అన్న మాట దస్తావేజు కాదు.

పాత ఊరి భాగంలో ఉండే గ్రామకంఠం స్థలాలకు తరచుగా ఇంటి పన్ను రసీదు తప్ప వేరే పత్రం ఉండదు. పన్ను రసీదు స్వాధీనానికి ఒక ఆధారం, హక్కుకు కాదు. అట్లే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లు వేరొక చిక్కు. 2020 ఆగస్టు 26 నాటికి ఉన్న ఇటువంటి ప్లాట్ల క్రమబద్ధీకరణకు (ఎల్.ఆర్.ఎస్.) ఆ ఏడాది దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తు చేసిన రసీదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు ఒకటి కావు. పొలాన్ని గుంటల చొప్పున (గుంట అనగా 121 చదరపు గజాలు) కొని ఇల్లు కట్టదలచినవారు ముందుగా దానిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి.

సిరిసిల్లలో కొనేవారు పత్రాలతోపాటు వాననీటి దారిని కూడా చూడాలి. 2021 సెప్టెంబరు తొలివారపు వర్షాలలో పట్టణంలోని పల్లపు వాడలు నీట మునిగాయి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి ఆ వీధికి వెళ్ళి చూడటం వలన బోరు నీటి సంగతి, మురుగు సంగతి రెండూ తెలుస్తాయి.

గల్ఫ్‌లో ఉండి కొనేవారు

భారత పౌరసత్వం ఉండి విదేశంలో పనిచేసేవారు ఇల్లు, ప్లాటు, మడిగె వంటివి కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫారం హౌస్ కొనరాదు (వారసత్వంగా రావచ్చు). ఈ నియమం విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) క్రింద ఉన్నది. సెలవుపై వచ్చి పొలం రిజిస్ట్రేషన్ చేయించుకొని వెళ్ళేవారిలో చాలామందికి ఇది తెలియదు.

అన్నిటికంటె బాధాకరమైన వివాదాలు కుటుంబంలోనే పుడతాయి. అన్న గల్ఫ్ నుండి డబ్బు పంపుతాడు. తమ్ముడు తన పేర కొంటాడు. పదేళ్ళ తరువాత పంపకాల మాట వస్తుంది. 1988 నాటి బినామీ లావాదేవీల నిషేధ చట్టం (2016లో గట్టిగా సవరించబడినది) ప్రకారం ఒకరి డబ్బుతో మరొకరి పేర కొన్న ఆస్తిని డబ్బు ఇచ్చినవాడు నాదని కోర్టులో అడగలేడు. భార్య లేదా పిల్లల పేర, తెలిసిన ఆదాయంతో కొన్నదానికి మినహాయింపు ఉన్నది. తోబుట్టువులు, తల్లిదండ్రుల విషయంలో ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉంటేనే మినహాయింపు. కాబట్టి డబ్బు పంపినవాని పేరు దస్తావేజులో ఉండి తీరాలి. పంపిన సొమ్ము హవాలా మార్గంలో గాక బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే ఆధారం కూడా మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ రోజున తాను రాలేనపుడు నమ్మకమైన వారికి అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వవచ్చు. దానిని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా తగిన స్టాంపు సుంకం చెల్లించాలి. ఏయే పనులకు అధికారం ఇస్తున్నారో వివరంగా రాయాలి. కొనడానికి, కిరాయి వసూలుకు ఇచ్చిన పత్రంలో అమ్మే అధికారం చేర్చవలసిన అవసరం లేదు. అధికార పత్రం ద్వారానే ఆస్తిని "కొన్నాం" అనుకోవడం కూడా పొరపాటు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు రిజిస్టరైన విక్రయ దస్తావేజు లేకుండా యాజమాన్యం బదిలీ కాదని తేల్చింది.

కిరాయి ఒప్పందం

ఏడాదికి మించిన కిరాయి ఒప్పందం రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టం (1882) చెబుతుంది. అందుకే 11 నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. ఈ పట్టణాలలో అది కూడా రాసుకోకుండా నోటిమాటపై, ఒక నెలో రెండు నెలలో అడ్వాన్సు తీసుకొని ఇల్లివ్వడం ఎక్కువ. మడిగెల విషయంలో అడ్వాన్సు పెద్దది కనుక కాగితం రాసుకుంటారు.

కాగితంలో కిరాయి, చెల్లించే తేదీ, అడ్వాన్సు, ఏడాదికి ఎంత పెంచేది, నీళ్ళు, కరెంటు, ఇంటి పన్ను ఎవరు కట్టేది, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఉండాలి. సున్నాల ఖర్చును అడ్వాన్సులో నుండి పట్టుకునే ఆనవాయితీ ఉన్నచో అదీ ముందే రాయడం మంచిది. ఖాళీ చేసే రోజున వచ్చే తగవులలో ఎక్కువ దానిపైనే.

1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తెలంగాణకూ సంక్రమించింది. కిరాయి కావాలని ఎగవేయడం, యజమానికి తెలియకుండా వేరొకరికి ఇవ్వడం, యజమానికి స్వయంగా అవసరం కావడం వంటి కారణాలపై మాత్రమే ఖాళీ చేయించవచ్చునని ఈ చట్టం చెబుతుంది. కాని 2005 సవరణ తరువాత, కట్టి 15 ఏళ్ళు నిండని భవనాలకు, నగరపాలక సంస్థల వెలుపల నెల కిరాయి 2,000 రూపాయలు మించిన భవనాలకు ఇది వర్తించదు. ఈ మూడు పట్టణాలలో కొత్తగా కిరాయికి ఇచ్చే ఇళ్ళలో దాదాపు అన్నీ ఈ పరిమితి వెలుపలే ఉంటాయి. వాటికి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. వేరే ఒప్పందం లేనపుడు నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు తీరినంత మాత్రాన తాళం పగులగొట్టడం, నల్లా కట్టివేయడం చెల్లవు. బలవంతంగా ఖాళీ చేయించబడినవారు ఆరు నెలలలోగా కోర్టుకు వెళ్ళి తిరిగి స్వాధీనం పొందవచ్చు.

కిరాయిదారు, యజమాని

కిరాయిదారును ఎన్నుకోవడంలో యజమానులు పని, కుటుంబం, కిరాయి కట్టే శక్తితోపాటు కులమతాలను కూడా అడగడం ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నది. నీతి సంగతి అటుంచి లెక్క ప్రకారం చూసినా ఇది తన గిరాకీని తానే తగ్గించుకోవడం.

ఇంతకంటె కఠినమైన ఆచారం మరొకటి ఉన్నది. కిరాయి ఇంట్లో మరణం సంభవిస్తే ఇంటికి అరిష్టమన్న నమ్మకంతో శవాన్ని లోపలికి రానివ్వకపోవడం, దశదిన కర్మలు ముగిసేవరకు కుటుంబాన్ని వేరే చోటికి వెళ్ళమనడం, జబ్బు ముదిరినవారిని ముందే ఖాళీ చేయమనడం పూర్వపు కరీంనగర్ జిల్లా పట్టణాలలో, ముఖ్యంగా సిరిసిల్లలో, పలుమార్లు వార్తలకెక్కింది. ఆసుపత్రి నుండి తెచ్చిన శవాన్ని రోడ్డు పక్కన టెంటు కింద ఉంచుకొన్న నేత కుటుంబాలు ఉన్నాయి. ఏ చట్టమూ ఇంటి యజమానికి ఈ అధికారం ఇవ్వలేదు. కిరాయి చెల్లించినంతకాలం ఆ ఇల్లు వారి నివాసమే. కిరాయికి ఇవ్వదలచినవారు ఇటువంటి రోజు వస్తే ఏం చేస్తామన్నది ఇంట్లో పెద్దలతో ముందే మాట్లాడుకొని, కిరాయిదారుకు ఇల్లిచ్చే రోజునే చెప్పడం న్యాయం. వృద్ధులున్న కుటుంబాలు ఇల్లు వెతికేటప్పుడు మొదట భయపడేది దీనికే. ఆ భయం లేదని తెలిసిన ఇంటిని వారు త్వరగా వదలరు.

సిరిసిల్ల మగ్గాల షెడ్లు

సిరిసిల్ల మరమగ్గాల వ్యవస్థలో నూలు, పెట్టుబడి గల యజమానులు, కొన్ని మగ్గాలు కలిగి యజమానుల దగ్గర నూలు తీసుకొని కూలికి నేయించే ఆసాములు, మగ్గంపై పనిచేసే కార్మికులు అని మూడు అంచెలు ఉన్నాయి. సొంత షెడ్డు లేని ఆసామి షెడ్డును కిరాయికి తీసుకుంటాడు. షెడ్డుకు ఇంటికంటె నిర్మాణ ఖర్చు తక్కువ. నేల గట్టిగా ఉండాలి, మగ్గాల అదురును గోడలు తట్టుకోవాలి, పరిశ్రమ వర్గపు విద్యుత్ కనెక్షను ఉండాలి. నష్టం వచ్చేది కరెంటు బాకీ వద్ద. కనెక్షను యజమాని పేర ఉండి ఆసామి బిల్లు ఆపితే బాకీ యజమాని మెడకు చుట్టుకుంటుంది. ప్రతి నెలా బిల్లు రసీదు చూడటం షెడ్డు యజమాని పనిలో భాగం. చీరల ఆర్డర్లు లేని నెలల్లో ఆసామి కిరాయి ఆపవలసి వస్తుంది. అప్పుడు ఖాళీ చేయిస్తే కొత్తవారు దొరకరు, ఎందుకంటే పని లేనిది అందరికీ. షెడ్డు కట్టేవారు ఏడాదికి రెండు మూడు నెలల కిరాయి రాదని ముందే లెక్కలో వేసుకోవడం ఇందుకే.

పన్నులు

తెలంగాణ పురపాలక సంఘాలలో ఇంటి పన్ను వార్షిక కిరాయి విలువ ఆధారంగా విధిస్తారు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా చెల్లిస్తే 5 శాతం రాయితీ ఇస్తున్నారు.

ఆదాయపు పన్నులో కిరాయి నుండి చెల్లించిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో 30 శాతం ఖర్చుల క్రింద మినహాయిస్తారు. రిపేరుకు ఎక్కువైనా తక్కువైనా ఈ 30 శాతమే. కిరాయి ఇంటికి తెచ్చిన అప్పుపై వడ్డీని కూడా తీసివేయవచ్చు. ఉద్యోగులైన కిరాయిదారులు తమ పన్ను మినహాయింపు కొరకు కిరాయి రసీదు అడుగుతారు. ఏడాది కిరాయి లక్ష దాటితే యజమాని పాన్ నంబరు కూడా ఇవ్వాలి.

యజమాని ప్రవాసి అయినపుడు నియమం మారుతుంది. అతనికి కిరాయి చెల్లించే వ్యక్తి, కిరాయి ఎంత చిన్నదైనా, అందులో నుండి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం పట్టుకొని ప్రభుత్వానికి కట్టాలి. చిన్న పట్టణాలలో కిరాయిదారులకు ఈ సంగతి తెలియదు, యజమానులు చెప్పరు. పట్టుకున్న పన్ను పోయినట్లు కాదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు ఆదాయంపై పన్ను లేదు, ఇది ప్రవాసులకూ వర్తిస్తుంది. రిటర్ను దాఖలు చేస్తే సొమ్ము తిరిగి వస్తుంది. ప్రవాసి యజమాని కిరాయిని మామూలు పొదుపు ఖాతాలో గాక ఎన్.ఆర్.ఓ. ఖాతాలో జమ చేయించుకోవాలి. ఇల్లు భార్య పేర ఉన్నా, కొన్న డబ్బు భర్తదైతే ఆ కిరాయి పన్ను లెక్కలో భర్త ఆదాయంగానే చూస్తారు.